రెండు బయాప్సీల్లోనూ ‘నెక్రోసిస్’ (చచ్చిన కణజాలం) తప్ప ఏమీ లేదు, అంగిలికి చిల్లు పడింది: ఇప్పుడేం అడగాలి?

పీజీ_రెండోఏడు
పేషెంటుకి 41 ఏళ్లు, మగ. షుగర్ లేదు, హెచ్‌ఐవీ నెగటివ్. ఐదు నెలల కింద ఎడమ ముక్కు దిబ్బడతో మొదలైంది. తర్వాత నెత్తురు జీర, పక్కులు, పక్కన నిలబడలేనంత వాసన. ఇప్పుడు ముక్కు మధ్య గోడకి వెనకవైపు చిల్లు ఉంది. గట్టి అంగిలి మీద గోరంత నల్లమచ్చ, దాని నడుమ సన్న రంధ్రం. నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. సాయంత్రం జ్వరం. బరువు 58 నుంచి 52కి దిగింది. సీటీలో ఎడమ ముక్కు నిండా మెత్తటి కణజాలం, మాక్సిలరీ సైనస్ లోపలి గోడ సగం లేదు. ఓపీలోనే లోకల్ మత్తు ఇచ్చి రెండుసార్లు ముక్క తీశారు. రెండు రిపోర్టుల్లోనూ ఒకే మాట: విస్తారంగా నెక్రోసిస్, మిశ్రమ ఇన్‌ఫ్లమేషన్, గ్రాన్యులోమా (ఇన్‌ఫ్లమేషన్ కణాల ముద్ద) లేదు, ఫంగస్ కనబడలేదు. కేఓహెచ్ (ఫంగస్ పరీక్ష) నెగటివ్, సి-ఆంకా (రక్తనాళాల వాపు జబ్బుకి చేసే రక్తపరీక్ష) నెగటివ్, క్రియాటినిన్ నార్మల్. యూనిట్‌లో ఒకరు ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్ మొదలుపెడదాం అంటున్నారు, ఇంకొకరు వెజెనర్స్ (రక్తనాళాల వాపు జబ్బు, ఇప్పటి పేరు జీపీఏ) అనుకుని స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ ఇద్దాం అంటున్నారు. రేపు రౌండ్స్‌లో ఏం అడగాలో చెప్పండి.

ముక్కుసూటి_ఈఎన్టీ
స్టెరాయిడ్ ఇవ్వనివ్వకండి. మిగతావన్నీ దాని తర్వాతే. ఇది ఎన్‌కే/టీ సెల్ లింఫోమా (ముక్కులో పుట్టే ఒకరకం తెల్లరక్తకణాల క్యాన్సర్) అయ్యే అవకాశం చాలా ఉంది. ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ పడితే వారంలో వాపు తగ్గుతుంది, జ్వరం పోతుంది, అందరూ ‘చూశారా, వెజెనర్సే’ అంటారు. ఆ తర్వాత తీసిన ముక్కలో లింఫోమా కణాలు చచ్చిపోయి ఉంటాయి, మళ్లీ నెక్రోసిస్ రిపోర్టే వస్తుంది. నెల పోతుంది.

ఓపీలో తీసిన ముక్కలు ఎక్కడివి? పైన ఉన్న నల్లటి పొరలోంచేనా?

పీజీ_రెండోఏడు
అవును సార్, ఫోర్సెప్స్‌కి అందినచోట తీశారు. కొంచెం లోపలికి వెళితే నెత్తురొస్తుందని ఆపేశారు.

ముక్కుసూటి_ఈఎన్టీ
నెత్తురొచ్చే చోటే కావాల్సింది. చచ్చిన కణజాలం ఎంత పంపినా చచ్చిన కణజాలమనే రాస్తారు. ఈసారి ఓటీలో, జనరల్ మత్తు కింద, గొంతులో ప్యాక్ పెట్టి చేయండి. ముందు ప్లేట్లెట్లు, పీటీ, ఏపీటీటీ చూసుకోండి.

అడ్రినలిన్‌లో ముంచిన గాజు గుడ్డ పెట్టి పక్కులన్నీ తడిపి తీసేయండి. బూడిదరంగు చచ్చిన పొరని (స్లాఫ్) సక్షన్‌తో శుభ్రంగా లాగేయండి. కింద గులాబీ రంగులో, ముట్టుకుంటే నెత్తురు చెమర్చే అంచు కనబడుతుంది. చచ్చిన భాగం, బతికిన భాగం కలిసే ఆ అంచు నుంచి లోతుగా తీయాలి. తక్కువలో తక్కువ ఆరు ముక్కలు: ఇన్‌ఫీరియర్ టర్బినేట్ (ముక్కులోని కింది మడత), మధ్య గోడ చిల్లు అంచు, మాక్సిలరీ సైనస్ లోపలి గోడ, అంగిలి మచ్చ అంచు. చివరగా నాసోఫారింక్స్‌ని (ముక్కు వెనక, గొంతు పైభాగం) 30 డిగ్రీల స్కోప్‌తో చూసి అనుమానం ఉంటే అక్కడా ఒకటి. కోసే ఫోర్సెప్స్ వాడండి, పీకితే కణాలు నలిగిపోతాయి. ముక్క తీసేదాకా కాటరీ (కాల్చి నెత్తురాపే పరికరం) ముట్టుకోకండి.

గుంటూరు_మెడిసిన్
ముక్కుసూటి గారూ, ఒక్కమాట. ఆంఫోటెరిసిన్ వద్దని అంత తేలిగ్గా అనకండి. మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) అయితే మూడు రోజులు ఆగినా కన్ను పోతుంది, మెదడులోకి వెళ్తుంది. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి బ్లాక్ ఫంగస్ కేసులతో నిండిపోయిన రోజులు ఎవరం మర్చిపోలేదు. పైగా ముక్కుకే పరిమితమైన జీపీఏలో ఆంకా నెగటివ్ రావడం మామూలే.

ముక్కుసూటి_ఈఎన్టీ
ఆంఫోటెరిసిన్ వద్దని నేను అనలేదు, వద్దన్నది స్టెరాయిడ్. అయినా ఐదు నెలల కథ, షుగర్ లేదు, కన్ను బాగుంది. మ్యూకర్ ఇంత తీరిగ్గా నడవదు. ముక్క తీసిన రోజే ఒక భాగం సెలైన్‌లో వేసి కేఓహెచ్, కాల్కోఫ్లోర్ (ఫంగస్‌ని మెరిపించే రంగు) చూస్తే గంటలో తెలుస్తుంది. వెడల్పాటి, అడ్డుగోడలు తక్కువున్న ఫంగస్ పోగులు (హైఫా) కనబడితే ఆ సాయంత్రమే ఆంఫోటెరిసిన్ పెట్టొచ్చు. జీపీఏ మాటకొస్తే, అది మధ్య గోడని తింటుంది, ముక్కు దూలం కూలుస్తుంది, గట్టి అంగిలికి చిల్లు పెట్టడం మాత్రం అరుదు. అంగిలి చిల్లు చూస్తే ముందు లింఫోమా, ఫంగస్, సిఫిలిస్ గమ్మా (ముదిరిన సిఫిలిస్‌లో వచ్చే గడ్డ), కొకైన్ గుర్తురావాలి. వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ (సిఫిలిస్ పరీక్షలు) పంపారా? కొకైన్ అడిగారా?

పీజీ_రెండోఏడు
వీడీఆర్‌ఎల్ నెగటివ్. టీపీహెచ్‌ఏ పంపలేదు, రేపు పంపిస్తాను. కొకైన్ లేదు. స్కిన్ స్మియర్లు కూడా నెగటివ్, కుష్ఠు లేదు.

స్లైడ్_మేష్టారు
పాథాలజీ వైపు నుంచి కొంచెం పొడుగ్గా రాస్తాను. ఈ జబ్బు తప్పిపోయేది ఎక్కువగా మా బల్ల మీదే.

ఈ లింఫోమా రక్తనాళం గోడలోకి చొరబడి దాన్ని మూసేస్తుంది. నెత్తురు అందక చుట్టూ ఉన్నదంతా చచ్చిపోతుంది. అందుకే ముక్కలో ముప్పాతిక భాగం నెక్రోసిస్, మిగిలిన పావులో లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, హిస్టియోసైట్లు, ఇయోసినోఫిళ్లు కలగాపులగంగా ఉంటాయి. అసలు కణాలు చిన్నవిగా, మామూలు లింఫోసైట్లలా ఉండి ఆ గుంపులో కలిసిపోవచ్చు. 1897లో మెక్‌బ్రైడ్ తొలిసారి ఈ జబ్బు గురించి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని ‘లీథల్ మిడ్‌లైన్ గ్రాన్యులోమా’ అన్నారు. గ్రాన్యులోమా ఉండకపోయినా ఆ పేరు పడటానికి కారణం ఈ కలగాపులగమే.

ఇంకో మోసం: పైపొర ఎపితీలియం వేళ్లు దిగినట్టు లోపలికి పెరుగుతుంది. చిన్న ముక్కలో అది స్క్వామస్ క్యాన్సర్‌లా కనబడుతుంది.

అనుమానం ఉన్న ప్రతి కేసులోనూ కావాల్సిన స్టెయిన్లు (అది ఏ కణమో పట్టిచ్చే గుర్తులు): సీడీ3, సీడీ20, సీడీ56, సీడీ5, గ్రాంజైమ్-బి లేదా టీఐఏ-1, కీ-67, వీటికి తోడు ఈబర్ ఇన్‌సిటు హైబ్రిడైజేషన్ (ఈ లింఫోమా కణాల్లో ఉండే ఈబీవీ, అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్, జాడ వెతికే పరీక్ష). సీడీ3 పాజిటివ్ రాగానే ‘రియాక్టివ్ టీ కణాలు’ అని వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఎన్‌కే కణం ఉపరితలం మీద సీడీ3 ఉండదు, సైటోప్లాజంలో ఎప్సిలాన్ గొలుసు ఉంటుంది. పారఫిన్ (మైనం) కోతల మీద వాడే యాంటీబాడీ దాన్నీ పట్టుకుంటుంది. సీడీ5 పోయిందా అని పక్కనే చూస్తే తేడా తెలుస్తుంది. సీడీ56 నెగటివ్ వచ్చినంత మాత్రాన కొట్టేయకండి. గ్రాంజైమ్ పాజిటివ్, ఈబర్ పాజిటివ్, సీడీ3 పాజిటివ్ అయితే అది ఈ లింఫోమాయే. ఈబర్ నెగటివ్ అయితే మాత్రం ఈ పేరు పెట్టే ముందు చాలా ఆలోచించాలి.

పీజీ_రెండోఏడు
మా ల్యాబ్‌లో ఈబర్ లేదు మేష్టారూ. ఎల్‌ఎంపీ1 యాంటీబాడీ (అదే వైరస్ ప్రొటీన్‌ని పట్టేది) ఉంది. దాంతో సరిపెట్టుకోవచ్చా?

స్లైడ్_మేష్టారు
సరిపోదు. ఈ జబ్బులో ఎల్‌ఎంపీ1 ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు. నెగటివ్ వస్తే ఏమీ తేలనట్టే. బ్లాకునే (మైనంలో పొదిగిన ముక్క) ఈబర్ చేసే ల్యాబ్‌కి పంపండి, బ్లాకు పంపడం కుదరకపోతే చార్జ్ ఉన్న స్లైడ్ల మీద పది స్టెయిన్ చేయని కోతలు.

ఈబర్ వెతికేది ఆర్‌ఎన్‌ఏని, అది చాలా సున్నితం. మీరు మాక్సిలరీ గోడ ముక్క పంపితే అందులో ఎముక ఉంటుంది. టెక్నీషియన్ దాన్ని యాసిడ్‌లో వేసి మెత్తబరుస్తాడు, ఆర్‌ఎన్‌ఏ నాశనమవుతుంది, ఈబర్ తప్పుడు నెగటివ్ వస్తుంది. ఎముక ఉన్న ముక్కల్ని ఓటీలోనే వేరే సీసాలో వేసి ‘ఎముక, ఈడీటీఏ మాత్రమే’ అని రాయండి. ఈడీటీఏ ఎముకని నెమ్మదిగా, ఆర్‌ఎన్‌ఏ చెడకుండా మెత్తబరిచే ద్రవం. మెత్తటి ముక్కలు పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, కణజాలానికి పదింతలు ద్రవం, 6 నుంచి 24 గంటలు. శనివారం సాయంత్రం ముక్క వేసి సోమవారం మధ్యాహ్నం ప్రాసెస్ చేస్తే ఈబర్ ఫలితం బలహీనపడొచ్చు. రిపోర్టులో ఆర్‌ఎన్‌ఏ కంట్రోల్ పనిచేసిందో లేదో రాయమని అడగండి. ఆ వాక్యం లేని ఈబర్ నెగటివ్‌ని నేను నమ్మను.

రిక్విజిషన్ ఫారం మీద ‘బయాప్సీ ముక్కు’ అని రెండు మాటలు రాసి పంపొద్దు. ‘అంగిలి చిల్లు, ఐదు నెలలు, ఎన్‌కే/టీ లింఫోమా అనుమానం, ఫంగస్ కూడా చూడండి’ అని రాస్తే మేం పది కోతలు ఎక్కువ చూస్తాం.

కర్నూలు_నోడ్యూల్
మూడు సీసాల మీద మూడు పేర్లు, మూడు ప్రశ్నలు. ఈ పోస్టు ప్రింటు తీసి ఓటీ గోడకి అంటించాలి.

రేడియో_నీడలు
సీటీ చాలదు, కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ తీయించండి. సీటీలో సైనస్ నిండా బూడిదరంగే, అందులో గడ్డ ఎంత, నిలిచిపోయిన చీమిడి ఎంత అని చెప్పలేం. ఎంఆర్‌ఐ టీ2 బొమ్మలో చీమిడి తెల్లగా మెరుస్తుంది, లింఫోమా మధ్యరకంగా ఉంటుంది. డిఫ్యూజన్‌లో లింఫోమా బాగా వెలుగుతుంది, ఏడీసీ (కణజాలంలో నీటి కదలిక కొలత) పడిపోతుంది. కాంట్రాస్ట్ ఎక్కని నల్లటి భాగం నెక్రోసిస్. ముక్క ఎక్కడ తీయాలో ఓటీకి ముందే ఫిల్ము మీద చూసుకోవచ్చు: కాంట్రాస్ట్ ఎక్కిన, డిఫ్యూజన్‌లో వెలిగిన చోటు. రేపు రేడియేషన్ వాళ్లకి కూడా మందులకి ముందు తీసిన ఇదే ఎంఆర్‌ఐ కావాలి.

కీమో_డెస్క్
ముక్క తీసే రోజే ఈ రక్తపరీక్షలు పంపండి: పూర్తి రక్తకణాలు, ఎల్‌డీహెచ్, లివర్, ట్రైగ్లిజరైడ్లు, ఫెరిటిన్, ఫైబ్రినోజెన్, హెపటైటిస్-బి సర్ఫేస్ యాంటిజెన్, కోర్ యాంటీబాడీ, హెచ్‌సీవీ. అదనంగా ఈడీటీఏ గొట్టంలో ఈబీవీ డీఎన్‌ఏ, ప్లాస్మాలో చేయమని స్పష్టంగా రాసి. మొత్తం రక్తంలో చేస్తే మామూలు బీ కణాల్లో నిద్రపోతున్న వైరస్ కూడా లెక్కలోకి వస్తుంది. ప్లాస్మాలో దొరికేది ఎక్కువగా చచ్చే గడ్డలోంచి కారిన డీఎన్‌ఏ. తర్వాత ప్రతిసారీ అదే ల్యాబ్, అదే యూనిట్లు.

ఫెరిటిన్ ఊరికే అడగలేదు. ఈ జబ్బులో జ్వరం, పడిపోతున్న కణాలు, పెరిగిన ప్లీహం, వేలల్లో ఫెరిటిన్ కలిసి కనబడితే అది హీమోఫాగోసైటిక్ సిండ్రోమ్ (రోగనిరోధక కణాలే రక్తకణాల్ని మింగేసే స్థితి). దాన్ని సెప్సిస్ అనుకుని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మారుస్తూ కూర్చుంటే మనిషి దక్కడు.

గుంటూరు_మెడిసిన్
ఫెరిటిన్ విషయం ఒప్పుకుంటాను. జీపీఏ అనుకుని ప్రెడ్నిసొలోన్ ఇవ్వాలన్న ఆలోచన వెనక్కి తీసుకుంటున్నాను.

పీజీ_రెండోఏడు
అప్‌డేట్. ఓటీ అయింది, పదకొండు రోజులకి రిపోర్టులు వచ్చాయి. స్లాఫ్ లాగేశాక ఇన్‌ఫీరియర్ టర్బినేట్ వెనక మీరు చెప్పిన గులాబీ అంచు కనబడింది, తాకగానే నెత్తురు. ఎనిమిది ముక్కలు తీశారు. కేఓహెచ్, కాల్కోఫ్లోర్, జీన్ ఎక్స్‌పర్ట్ (క్షయ పరీక్ష) నెగటివ్. టీపీహెచ్‌ఏ నెగటివ్. ఎనిమిదిలో మూడింట్లోనే బతికిన గడ్డ ఉంది. సీడీ3 సైటోప్లాజంలో పాజిటివ్, సీడీ5 నెగటివ్, సీడీ20 నెగటివ్, సీడీ56 పాజిటివ్, గ్రాంజైమ్-బి పాజిటివ్, కీ-67 (విభజిస్తున్న కణాల వాటా) 70 శాతం. ఈబర్ దాదాపు అన్ని గడ్డ కణాల్లోనూ, ఆర్‌ఎన్‌ఏ కంట్రోల్ పనిచేసిందని రాశారు. ఫెరిటిన్ 610, ఎల్‌డీహెచ్ ఎక్కువ, ప్లాస్మా ఈబీవీ డీఎన్‌ఏ పాజిటివ్. కోర్ యాంటీబాడీ పాజిటివ్, సర్ఫేస్ యాంటిజెన్ నెగటివ్.

స్లైడ్_మేష్టారు
ఎనిమిదిలో మూడు. ఓపీలో తీసిన రెండు ముక్కలతో ఎందుకు తేలలేదో ఆ లెక్కే చెబుతోంది. డయాగ్నోసిస్‌లో నాకు సందేహం లేదు. 2022 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో ‘నేసల్ టైప్’ అనే తోక తీసేశారు. ఎక్స్‌ట్రానోడల్ ఎన్‌కే/టీ సెల్ లింఫోమా అని రాస్తే చాలు.

కీమో_డెస్క్
ఇక స్టేజింగ్. పెట్-సీటీ నడినెత్తి నుంచి కాలి బొటనవేలిదాకా తీయమనండి, మామూలుగా తొడ మధ్యలో ఆపేస్తారు. ఇది చర్మానికి, వృషణాలకి, పేగుకి పోతుంది. పిక్క మీద చిన్న గడ్డ ఒకటి దొరికితే స్టేజి ఒకటి కాస్తా నాలుగు అవుతుంది, ప్లాన్ మొత్తం మారుతుంది. బట్టలు తీసి చర్మమంతా కళ్లతో చూడండి, వృషణాలు చేత్తో చూడండి. బోన్ మ్యారో తీసి దాని మీద కూడా ఈబర్ చేయించాలి. చెదురుమదురుగా ఉన్న కణాలు మామూలు స్టెయిన్‌లో కనబడవు.

కోర్ యాంటీబాడీ (పాత హెపటైటిస్-బి గుర్తు) పాజిటివ్ కాబట్టి హెపటైటిస్-బి డీఎన్‌ఏ చూసి, కీమోకి ముందే ఆ వైరస్‌ని అణిచే ఎంటెకావిర్ మొదలుపెట్టండి.

పీజీ_రెండోఏడు
పెట్‌లో ఎడమ ముక్కు, ఎత్మాయిడ్, మాక్సిలరీ, అంగిలి మాత్రమే. మెడ గ్రంథులు లేవు. మ్యారోలో ఈబర్ నెగటివ్. స్టేజి 1, బి లక్షణాలు (జ్వరం, బరువు తగ్గడం) ఉన్నాయి.

గుంటూరు_మెడిసిన్
చాప్ (లింఫోమాలకి మామూలుగా ఇచ్చే కీమో) మొదలుపెట్టి రిఫర్ చేస్తే? దగ్గర్లో అన్నీ దొరుకుతాయి, ప్రభుత్వ వైద్య పథకంలోనూ ఇబ్బంది ఉండదు. టీ సెల్ లింఫోమాకి మొదటి మందు అదేగా.

కీమో_డెస్క్
ఈ ఒక్క టీ సెల్ లింఫోమాకి చాప్ వద్దు. ఈ కణాల పొర మీద పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంటుంది, అది డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్‌లని వచ్చినవి వచ్చినట్టు బయటికి తోసేస్తుంది. చాప్‌లో ఉన్న ప్రెడ్నిసొలోన్ వల్ల పది రోజులు బాగున్నట్టు కనిపించి, రెండో సైకిల్లో మళ్లీ పెరుగుతుంది. ఈలోపు రేడియేషన్ ఆలస్యమవుతుంది, నష్టం ఆ ఆలస్యం వల్లే.

పనిచేసేది యాస్పరాజినేజ్. మామూలు కణాలు యాస్పరాజిన్‌ని సొంతంగా తయారుచేసుకుంటాయి. ఈ కణాల్లో ఆ పని చేసే సింథటేజ్ ఎంజైమ్ చాలా తక్కువ. రక్తంలో యాస్పరాజిన్ లేకుండా చేస్తే అవి ఆకలికి చస్తాయి. ఈ మనిషికి పింక్ స్కోరు (ఈ జబ్బులో ముప్పు లెక్క) సున్నా: వయసు 60 లోపు, స్టేజి 1, దూరపు గ్రంథులు లేవు, మొదలైంది ముక్కులోనే. డీఎన్‌ఏ పాజిటివ్ కాబట్టి, ఈబీవీని కూడా లెక్కించే పింక్-ఈ ఒకటి. అదీ తక్కువ రిస్కే. నయం చేయాలన్న లక్ష్యంతోనే ట్రీట్ చేయాలి.

గ్రే_లెక్కలు
రేడియేషన్ సంగతి నేను చెప్తాను. స్టేజి 1, 2ల్లో అసలు వైద్యం ఇదే, కీమో తోడు. మామూలు లింఫోమాలకి 30, 36 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చాలు. ఆ అలవాటుతో ఇక్కడ 40 దగ్గర ఆపితే అక్కడే తిరగబెడుతుంది. 50 గ్రే, 25 ఫ్రాక్షన్లు, మిగులు గడ్డ ఉంటే 54 దాకా. ఫీల్డు కూడా చిన్నది గీయకూడదు. కీమోకి ముందు ఎంఆర్‌ఐలో గడ్డ ఎక్కడిదాకా ఉందో అదంతా, ముక్కు రెండు వైపులా, గట్టి అంగిలి, ఎత్మాయిడ్, అదే వైపు మాక్సిలరీ. స్టేజి 1లో మెడకి ముందుజాగ్రత్తగా ఇవ్వక్కర్లేదు.

ఐఎంఆర్‌టీ (గడ్డ ఆకారానికి తగ్గట్టు డోసుని మలిచే రేడియేషన్) లేకుండా చేయొద్దు. ఆప్టిక్ నర్వ్, కయాస్మా (కంటి నరాలు కలిసే చోటు) 54 లోపు, లెన్స్‌కి వీలైతే 10 లోపు. గడ్డ కరిగితే ముక్కులో గాలి ఖాళీ పెరుగుతుంది, తల కదలకుండా పట్టే మాస్కు వదులవుతుంది, డోసు లెక్క తప్పుతుంది. రెండు వారాలకొకసారి సీటీ మళ్లీ తీసి చూడాలి.

ఇంకొకటి, పళ్లు. మాస్కు చేసే ముందే డెంటల్‌కి పంపండి. పుచ్చిన పన్ను ఉంటే ఇప్పుడే పీకించి, పుండు మానడానికి 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. రేడియేషన్ తర్వాత పీకితే దవడ ఎముక చావొచ్చు.

కీమో_డెస్క్
వరుస విషయంలో గ్రే_లెక్కలు గారితో చిన్న తేడా ఉంది. ముందు రెండు సైకిళ్లు పీ-జెమాక్స్ (పెగాస్పార్గేజ్ అనే యాస్పరాజినేజ్, జెమ్‌సిటబైన్, ఆక్సాలిప్లాటిన్), తర్వాత రేడియేషన్, తర్వాత మళ్లీ రెండు. బి లక్షణాలు, ఎక్కువ ఎల్‌డీహెచ్, డీఎన్‌ఏ పాజిటివ్ ఉన్నాయి, ఒంట్లో ఇంకెక్కడో కణాలు దాగి ఉండొచ్చు.

గ్రే_లెక్కలు
నా భయం ఆ రెండు సైకిళ్లు మూడవుతాయని, ప్లేట్లెట్లు పడి నాలుగో నెల వస్తుందని. జపాన్ వాళ్ల జేసీఓజీ0211 ట్రయల్‌లో రేడియేషన్ 50 గ్రే, దాంతోపాటే మూడింట రెండొంతుల డోసు డెవిక్ ఇచ్చారు: డెక్సామెథసోన్, ఎటోపోసైడ్, ఐఫాస్ఫమైడ్, కార్బోప్లాటిన్. రెండేళ్లకి 78 శాతం బతికున్నారు. అందులో యాస్పరాజినేజ్ లేనే లేదు. మొదటి రోజు నుంచీ బీమ్ పడటం వల్ల వచ్చిన ఫలితం అది.

కీమో_డెస్క్
అది మంచి పద్ధతే, కాదనను. కానీ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నచోటే నడుస్తుంది. మ్యూకోసైటిస్, న్యూట్రోపీనియా ఒకేసారి వస్తాయి, ఇతనికి అంగిలి చిల్లు ఉంది, ఇప్పటికే 52 కిలోలు. మధ్యేమార్గం: మొదటి సైకిల్ రోజే రేడియేషన్ మాస్కు, ప్లానింగ్ స్కాన్ తీసుకుని, ఏడో వారంలో మొదలయ్యే తేదీ ముందే రాయించుకోవాలి. మొదటి సైకిల్ తర్వాత గడ్డ తగ్గకపోతే రెండోది ఆపి నేరుగా రేడియేషన్‌కి.

గ్రే_లెక్కలు
తేదీ ముందే రాస్తే నాకు అభ్యంతరం లేదు. జెమ్‌సిటబైన్ ఆఖరి డోసుకి, బీమ్‌కి మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. అది రేడియేషన్‌ని విపరీతంగా పెంచుతుంది. రెండూ కలిస్తే నోరంతా పుండే.

కర్నూలు_నోడ్యూల్
స్మైల్ అనే కీమో ఎందుకు వద్దు? దాని పేరు ఎక్కువ వింటాం.

కీమో_డెస్క్
స్మైల్‌లో మెథోట్రెక్సేట్ చదరపు మీటరుకి 2 గ్రాములు ఉంది. ఒళ్లంతా పాకిన జబ్బుకి, తిరగబెట్టినదానికి పుట్టిన రెజిమెన్ అది. 2011లో వచ్చిన ట్రయల్‌లో ఇన్‌ఫెక్షన్లతో మరణాలు చూశాక లింఫోసైట్లు 500కి తక్కువున్నవాళ్లని తీసుకోవడం ఆపారు. మెథోట్రెక్సేట్ లెవెల్ అదే రోజు రాని చోట, మూత్రం పీహెచ్ 7 పైన నిలబెట్టే నర్సింగ్ లేని చోట స్మైల్ మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. స్టేజి 1కి అంత అవసరమూ లేదు.

ఇతనికి లెక్క: 165 సెం.మీ. అనుకుంటే బీఎస్ఏ (ఒంటి ఉపరితలం) 1.54 చదరపు మీటర్లు. జెమ్‌సిటబైన్ 1000 చొప్పున 1540 మి.గ్రా., ఒకటో రోజు, ఎనిమిదో రోజు. ఆక్సాలిప్లాటిన్ 130 చొప్పున 200 మి.గ్రా., ఒకటో రోజు. పెగాస్పార్గేజ్ 2000 నుంచి 2500 యూనిట్ల చొప్పున 3080 నుంచి 3850. ఒక వయల్ 3750, అక్కడే ఆపండి. 21 రోజులకొకసారి.

మందుల_బీరువా
పెగాస్పార్గేజ్ గురించి ఫార్మసీ మాట. 2 నుంచి 8 డిగ్రీలు. గడ్డకడితే పారేయాలి, కుదపకూడదు. కుదిపితే నురగ వస్తుంది, ప్రొటీన్ పాడవుతుంది. ఐస్‌ప్యాక్‌కి నేరుగా ఆనించిన వయల్ దారిలోనే గడ్డకడుతుంది. మధ్యలో మందపాటి గుడ్డో అట్టముక్కో ఉండాలి. నరంలోకి అయితే 100 మి.లీ. సెలైన్‌లో 1 నుంచి 2 గంటలు. ఇచ్చాక గంట కూర్చోబెట్టండి, అడ్రినలిన్ పక్కనే ఉండాలి.

బ్రాండు మారితే యాక్టివిటీ మారొచ్చు. లెవెల్ చేసే ల్యాబ్ అందుబాటులో ఉంటే ఏడో రోజు, 14వ రోజు పంపండి, మిల్లీలీటరుకి 0.1 యూనిట్ పైన ఉండాలి. అలర్జీ కనబడకుండానే యాంటీబాడీలు మందుని చంపేసే సందర్భాలున్నాయి. లెవెల్ చేయలేకపోతే ఒక మోటు గుర్తు: మందు పనిచేస్తే ఫైబ్రినోజెన్, ఆల్బుమిన్ పడతాయి. రెండూ కదలకపోతే అనుమానించండి. ఇది నిరూపణ కాదు, వెతకడానికి కారణం.

గుంటూరు_మెడిసిన్
ఫైబ్రినోజెన్ (నెత్తురు గడ్డకట్టించే ప్రొటీన్) 80 వస్తే ఎఫ్‌ఎఫ్‌పీ (ప్లాస్మా) ఎక్కించాలా?

మందుల_బీరువా
నెత్తురు కారకపోతే ఎక్కించొద్దు. ప్లాస్మాలో యాస్పరాజిన్ ఉంటుంది, మీరు ఖాళీ చేసినదాన్ని మీరే నింపినట్టు. ముక్కులోంచి నిజంగా కారుతుంటే క్రయో (ఫైబ్రినోజెన్ ఎక్కువుండే రక్తభాగం). అంకె పడినంత మాత్రాన నెత్తురు పల్చబడిందనీ అనుకోకండి, గడ్డకట్టకుండా కాపాడే యాంటీథ్రాంబిన్ కూడా పడుతుంది, గడ్డకట్టే ప్రమాదమూ ఉంది.

రేడియో_నీడలు
దీనికి ఒక ముఖ్యమైన మాట కలుపుతాను. ఈ పేషెంటు తలనొప్పి అంటే అందరూ ‘సైనస్ కదా’ అంటారు. యాస్పరాజినేజ్ పడ్డాక కొత్త తలనొప్పి, వాంతి, చూపు మసక, ఫిట్స్, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఎంఆర్ వీనోగ్రామ్ (మెదడు సిరల స్కాన్). మెదడు సిరల్లో నెత్తురు గడ్డ మామూలు సీటీలో తప్పిపోతుంది.

కీమో_డెస్క్
అలాగే పైకడుపు నొప్పి వీపులోకి పాకితే లైపేజ్ (పాంక్రియాస్ ఎంజైమ్) చూడండి. పాంక్రియాటైటిస్ ఒకసారి గట్టిగా వచ్చిందంటే ఆ మనిషికి యాస్పరాజినేజ్ తలుపు మూసుకుంటుంది. ప్రతి డోసుకి ముందు బిలిరుబిన్, ట్రైగ్లిజరైడ్లు, షుగర్. బిలిరుబిన్ 3 దాటితే దిగేదాకా ఆగండి.

వార్డు_సిస్టర్
ఆక్సాలిప్లాటిన్ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే, సెలైన్‌లో కలపకూడదు, లైన్‌లో సెలైన్ మిగిలి ఉన్నా కడిగి పెట్టాలి. ఆ వారం ఫ్రిజ్ నీళ్లు, చల్లటి మజ్జిగ, ఐసు వద్దని ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పండి. ఎండాకాలం కుండనీళ్లు తాగినా గొంతు పట్టేసినట్టయి ఊపిరాడలేదని భయపడి పరిగెత్తుకొస్తారు. గోరువెచ్చని నీళ్లే.

అంగిలి చిల్లుకి పల్చటివి నిలవవు. మజ్జిగ, కాఫీ ముక్కులోకి వస్తాయి. చిక్కటి రాగి జావ, పప్పులో మెత్తగా పిసికిన అన్నం, పెరుగులో నానబెట్టిన ఇడ్లీ దిగుతాయి. తల కొంచెం ముందుకి వంచి, చిన్న ముద్దలు. 52 కిలోల మనిషి రేడియేషన్‌లో ఇంకా తగ్గుతాడు, ముక్కు గొట్టం గడ్డ ఉన్న వైపు నుంచి వేయొద్దు.

ముక్కుసూటి_ఈఎన్టీ
సిస్టర్ చెప్పినదానికి తోడు, ప్రాస్తోడాంటిక్స్‌ (కట్టుడు పళ్ల విభాగం) వాళ్లతో ఆబ్ట్యురేటర్ (అంగిలి చిల్లుని మూసే పలక) చేయించండి. అచ్చు తీసేటప్పుడు చిల్లుని దారం కట్టిన వ్యాజలిన్ గాజు గుడ్డతో మూసి తీయమనండి. లేకపోతే అచ్చు ముద్ద (అల్జినేట్) ముక్కులోకి వెళ్లి ఇరుక్కుంటుంది. లోహం క్లాస్పులు లేకుండా యాక్రిలిక్‌లో అయితే రేడియేషన్‌కి అడ్డం రాదు, రోజూ ఒకేలా పెట్టుకోవాలి.

పక్కులకి రోజుకి మూడుసార్లు కడగడం: సోడాబైకార్బ్ ఒక వంతు, సోడియం బైబోరేట్ ఒక వంతు, ఉప్పు రెండు వంతులు కలిపిన పొడి ఒక చెంచా, 280 మి.లీ. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో. కుళాయి నీళ్లు నేరుగా వద్దు. తర్వాత గ్లిజరిన్‌లో 25 శాతం గ్లూకోజ్ చుక్కలు. వాసన తగ్గితేనే తిండి ఎక్కుతుంది. ముక్కుని శస్త్రచికిత్సతో శుభ్రం చేద్దాం, చిల్లు మూసేద్దాం అని ఎవరైనా అంటే ఇప్పుడు వద్దనండి. కత్తి పాత్ర బయాప్సీతో అయిపోయింది. మరమ్మతు రేడియేషన్ అయ్యాక, జబ్బు తిరగబెట్టలేదని తేలాకే.

పీజీ_రెండోఏడు
వైద్యం అయ్యాక ఏం చూడాలి? తిరగబెడితే?

కీమో_డెస్క్
రేడియేషన్ అయిన 12 వారాలకి పెట్, డొవిల్ స్కోరుతో (పెట్‌లో వెలుగు ఎంతో చెప్పే అంకె). అంతకంటే ముందు తీస్తే పుండు మంటే వెలుగుతుంది. ప్లాస్మా ఈబీవీ డీఎన్‌ఏ చివర్లో, తర్వాత మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి. పెట్ శుభ్రంగా ఉండి డీఎన్‌ఏ మాత్రం మిగిలితే నిర్లక్ష్యం చేయకండి, తిరగబెట్టే ముప్పు ఎక్కువ. ప్రతిసారీ ఎండోస్కోప్, చర్మం, వృషణాలు.

తిరగబెడితే ఈరోజు చేతిలో ఉన్నది పీడీ-1 మందులు (రోగనిరోధక కణాల బ్రేకు తీసేవి). 2017లో పెంబ్రోలిజుమాబ్ ఇచ్చిన ఏడుగురిలో ఏడుగురికీ గడ్డ తగ్గింది, వాళ్లంతా యాస్పరాజినేజ్ తర్వాత తిరగబెట్టినవాళ్లే. అంకె చిన్నది, కానీ అంతకు ముందు ఇలాంటివాళ్లకి ఇవ్వడానికి దాదాపు ఏమీ ఉండేది కాదు. మళ్లీ అదుపులోకి వస్తే ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాట్లాడాలి.

కర్నూలు_నోడ్యూల్
రిఫరల్‌తో పాటు బ్లాకులు కూడా పంపండి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి (హైదరాబాద్) వెళ్లినా, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లినా పాథాలజీ మళ్లీ చూస్తారు. బ్లాకు లేకపోతే ఇతనికి ఇంకోసారి ముక్క తీయాల్సి వస్తుంది. పథకం ముందస్తు అనుమతికి (ప్రీ-ఆథ్) బయాప్సీ, ఐహెచ్‌సీ (స్టెయిన్ల రిపోర్టు), ఈబర్, పెట్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. ఒకటి తగ్గినా తిప్పి పంపితే వారం.

పీజీ_రెండోఏడు
బ్లాకులు రెండు, స్టెయిన్ చేయని స్లైడ్లు పది, ఎంఆర్‌ఐ సీడీ, రిపోర్టులన్నీ కవర్లో పెట్టాను. హెపటైటిస్-బి డీఎన్‌ఏ పంపి ఎంటెకావిర్ మొదలైంది. కింది దవడలో పుచ్చిన రెండు దంతాలు నిన్న పీకారు. రిఫర్ చేసిన చోట మాట్లాడితే మాస్కు, మొదటి సైకిల్ ఒకే వారంలో పెడతామన్నారు, రేడియేషన్ తేదీ కూడా రాసిచ్చారు. పీకిన గాయం మీద పెగాస్పార్గేజ్ ఎన్ని రోజులకి ఇవ్వొచ్చు?

కీమో_డెస్క్
చిగురు మూసుకుని, నెత్తురు లేకుండా ఉంటే 10 రోజులు చాలు. ఇచ్చే ముందు రోజు ఫైబ్రినోజెన్ ఒకసారి చూసుకోండి.

గ్రే_లెక్కలు
మాస్కు అచ్చు తీసే రోజుకి ఆబ్ట్యురేటర్ సిద్ధంగా ఉండాలి, అది నోట్లో ఉండగానే స్కాన్ తీయాలి. ప్రాస్తో వాళ్లకి ఈరోజే ఫోన్ చేయండి.

పీజీ_రెండోఏడు
చేశాను. గురువారం అచ్చు తీస్తారు.